విద్యకు కోటి, కూటికి కొరత

జంషెడ్‌పూర్‌లో ఒక యువకుడు ఉక్కు కర్మాగారంలో అప్రెంటిస్‌గా చేరితే, పని నేర్చుకునే రోజుల్లోనే అతనికి నెలనెలా కొంత భృతి ముడుతుంది. అదే పట్టణంలోని సోనారీ విమానాశ్రయంలో విమానం నడపడం నేర్చుకున్న యువకుడి పరిస్థితి ఇందుకు పూర్తిగా విరుద్ధం. గాలిలో గడిపిన ప్రతి గంటకూ అతడే సొమ్ము చెల్లించుకున్నాడు. లైసెన్సు చేతికి వచ్చిన తరువాత కూడా, ఉద్యోగమిచ్చే సంస్థ ఏ రకం విమానం నడుపుతుందో ఆ రకానికి తగిన శిక్షణను మళ్లీ సొంత ఖర్చుతోనే పొందవలసి వచ్చింది. ఒకే ఊరిలో, ఒకే పారిశ్రామిక సంస్కృతి నీడలో, నేర్చుకునేవాడిని గురించి ఇలా రెండు విరుద్ధ సూత్రాలు అమలులో ఉండడం ఆలోచించదగిన విషయం.

పైలట్లకు జీతం చాలదని ఎవరైనా అంటే సామాన్య పాఠకుడికి నవ్వు వస్తుంది. నెలకు లక్షల్లో ఆదాయం, నక్షత్ర హోటళ్లలో బస, బంగారు చారల యూనిఫారం మాత్రమే అతని కంటికి కనిపిస్తాయి. అయితే ఆ లక్షల జీతం చాలా ఏళ్ల అనుభవం తరువాత ఎడమవైపు సీటులో కూర్చునే కమాండర్‌ది. కుడివైపు సీటులోకి కొత్తగా వచ్చిన సహపైలట్, ఇంకా ఆ సీటు కూడా దక్కక చిన్న విమానాలలో విద్యార్థులకు పాఠం చెప్పే శిక్షకుడు వేరే తరగతికి చెందినవారు. వారి కష్టం వ్యక్తిగతమైనదిగా కొట్టివేయడానికి వీలులేదు. అది ప్రయాణికుల భద్రతకు, ఈ వృత్తిలోకి ఎవరు రాగలరు, ఎవరు రాలేరు అనే సామాజిక ప్రశ్నకు ముడిపడి ఉంది.

జంషెడ్‌పూర్ సంప్రదాయం

టాటా ఉక్కు సంస్థ 1907లో ఏర్పడింది. 1912లో ఉక్కు ఉత్పత్తి మొదలైన ఏడాదే ఆ కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినం అమలులోకి వచ్చింది. దేశంలో ఫ్యాక్టరీల చట్టం ద్వారా ఆ హక్కు అందరికీ లభించడానికి 1948 దాకా ఆగవలసి వచ్చింది. 1920లో అక్కడ భవిష్యనిధి ఏర్పడింది. అందుకు సంబంధించిన చట్టం 1952లో గాని రాలేదు. 1934లో లాభాలలో వాటాగా బోనస్ మొదలయింది. బోనస్ చట్టం 1965 నాటిది. ఇవన్నీ కేవలం యాజమాన్యం ఔదార్యంతో వచ్చాయని చెబితే చరిత్రకు అన్యాయం చేసినట్లే. 1920లోను, 1928లోను జరిగిన పెద్ద సమ్మెలు, కార్మిక సంఘానికి సుభాష్ చంద్ర బోస్ వంటివారి నాయకత్వం కూడా ఆ సంప్రదాయాన్ని తీర్చిదిద్దాయి. ఏమైనా, పని నేర్చుకునేవాడిపై పెట్టే ఖర్చు పరిశ్రమ భరించవలసిన పెట్టుబడే అనే అవగాహన ఆ పట్టణంలో మొదటినుంచీ ఉంది. 1921లో అక్కడ ఏర్పడిన సాంకేతిక శిక్షణ సంస్థ అందుకు నిదర్శనం. ఉత్తరాంధ్ర జిల్లాలనుంచి పొట్ట చేతబట్టుకుని వెళ్లి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా నిలదొక్కుకోగలగడానికి ఈ పద్ధతి ఎంతగానో తోడ్పడింది. తండ్రి కొలిమి దగ్గర పనిచేస్తే, కొడుకు భృతి తీసుకుంటూ ఫిట్టరో ఎలక్ట్రీషియనో అయ్యేవాడు. ఇల్లు తాకట్టు పెట్టవలసిన అవసరం రాలేదు.

భారత విమానయానానికి నాంది పలికింది కూడా ఆ టాటాలేనన్నది విదితమే. 1929 ఫిబ్రవరి 10న జె.ఆర్.డి. టాటా పొందిన పైలట్ లైసెన్సు మన దేశంలో జారీ అయిన మొట్టమొదటిది. 1932 అక్టోబర్ 15న ఆయన కరాచీ నుంచి బొంబాయికి టపా విమానం నడిపారు. ఆ టపాను అక్కడినుంచి బళ్లారి మీదుగా మద్రాసుకు చేర్చిన పైలట్ నెవిల్ విన్సెంట్. ఆ చిన్న సంస్థే తరువాత ఎయిర్ ఇండియా అయింది. 1953లో ప్రభుత్వపరమై, 2022 జనవరి 27న తిరిగి టాటాల చేతికి వచ్చింది. ఉక్కు సంస్థ వేరు, విమాన సంస్థ వేరు. అయినా రెండింటి మూలం ఒకటే కనుక, ఒకదానిలో పాటించిన సూత్రం మరొకదానిలో ఎందుకు కానరాదని అడగడం అసంగతం కాదు.

దూరపు కొండలు

కమర్షియల్ పైలట్ లైసెన్సు కావాలంటే గణితం, భౌతికశాస్త్రాలతో ఇంటర్మీడియట్ స్థాయి చదువు, కఠినమైన వైద్య పరీక్షలో ఉత్తీర్ణత, 200 గంటల విమాన చోదన అనుభవం ఉండాలి. ఇందుకయ్యే వ్యయం సుమారు 50 లక్షలనుంచి 60 లక్షల రూపాయలు. ఆపైన ఎయిర్‌బస్ వంటి పెద్ద విమానం నడిపే అర్హత కోసం ‘టైప్ రేటింగ్’ శిక్షణకు మరో 15 లక్షలో, అంతకు మించో కావాలి. విమాన సంస్థలతో ఒప్పందం ఉన్న క్యాడెట్ కార్యక్రమాలలో చేరితే మొత్తం వ్యయం కోటి రూపాయలు దాటిన సందర్భాలున్నాయి. కూటి కోసం కోటి విద్యలన్నారు పెద్దలు. ఇక్కడ ఒక్క విద్యకే కోటి అవుతున్నది.

మధ్యతరగతి కుటుంబానికి ఇంత సొమ్ము ఉండదు కనుక బ్యాంకు రుణమే శరణ్యం. విద్యారుణాల నమూనా పథకం ప్రకారం ఏడున్నర లక్షలు దాటిన రుణానికి ఆస్తి హామీ చూపాలి. అంటే ఇల్లో, పొలమో తాకట్టులోకి వెళుతుంది. 60 లక్షల రుణాన్ని పది శాతం వడ్డీపై పదేళ్లలో తీర్చాలంటే నెలసరి వాయిదా సుమారు 79 వేల రూపాయలు. గడువును 15 ఏళ్లకు పొడిగించినా 64 వేలకు తగ్గదు. పైగా అసలుకు దాదాపు సమానంగా, 56 లక్షల రూపాయలు వడ్డీ కిందే చెల్లించవలసి వస్తుంది. ఈ లెక్కలో టైప్ రేటింగ్ ఖర్చుగాని, చదువుకునే కాలంలో పేరుకున్న వడ్డీగాని చేరలేదు.

ఇప్పుడు ఆదాయం వైపు చూడాలి. 2023 ఏప్రిల్‌లో ఎయిర్ ఇండియా ప్రకటించిన కొత్త వేతన విధానంలో శిక్షణదశలో ఉన్న పైలట్‌కు నెలకు 50 వేల రూపాయలు నిర్ణయించినట్లు వార్తలు వెలువడ్డాయి. అదే పట్టికలో అనుభవజ్ఞుడైన సీనియర్ కమాండర్ వేతనం ఎనిమిది లక్షలకు పైగా ఉన్నది. పై అంతస్తుకు, కింది అంతస్తుకు మధ్య ఇంత ఎత్తు ఉండడం తప్పని ఎవరూ అనరు. బాధ్యతను బట్టి వేతనం ఉండవలసిందే. కాని కింది అంతస్తులో ఉన్నవాడి జీతం అతని రుణ వాయిదాకు సైతం చాలకపోవడం ఏ ఆర్థిక సూత్రానికీ ఒదగని విషయం. 50 వేల జీతగాడు 64 వేల వాయిదా కడుతున్నాడంటే తేడాను తల్లిదండ్రులు భరిస్తున్నారన్నమాట. మరో మాటలో చెప్పాలంటే, విమాన సంస్థ శిక్షణ ఖర్చులో కొంత భాగాన్ని ఏ చిన్న ఉద్యోగి పదవీ విరమణ సొమ్మో మోస్తున్నది.

ఇంతా చేస్తే ఉద్యోగమైనా ఖాయమా అంటే అదీ లేదు. దేశంలో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డి.జి.సి.ఎ.) 2020లో 578 కమర్షియల్ లైసెన్సులు జారీ చేయగా, 2023 నాటికి ఆ సంఖ్య 1,622కు పెరిగింది. అంతకుముందు ఏ ఏడాదిలోనూ అన్ని లైసెన్సులు జారీ కాలేదు. దేశానికి రానున్న 15, 20 ఏళ్లలో దాదాపు 30 వేలమంది పైలట్లు కావాలని 2024 జూన్‌లో పౌర విమానయాన మంత్రి పదవి చేపట్టిన శ్రీకాకుళం లోక్‌సభ సభ్యుడు కింజరాపు రామ్మోహన్ నాయుడు పలు సందర్భాలలో చెప్పారు. ఎయిర్ ఇండియా 2023 ఫిబ్రవరిలో 470 విమానాలకు, ఇండిగో అదే ఏడాది జూన్‌లో 500 విమానాలకు ఆర్డర్లిచ్చిన మాట వాస్తవమే. అయితే ఆ విమానాలు రావడానికి ఏళ్లు పడుతుంది. రుణ వాయిదా మాత్రం చదువు ముగిసిన ఏడాదికే గుమ్మంలో నిలబడుతుంది. పైగా సంస్థలకు ఎక్కువగా కావలసింది వేల గంటల అనుభవం గల కమాండర్లు. కొరత అక్కడ ఉంటే, రద్దీ ఇక్కడ, అంటే 200 గంటలవారి వద్ద ఉన్నది. కమాండర్ జీతం చూపి విద్యార్థులను చేర్చుకునే ప్రకటనలు చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడాన్నే గుర్తుకు తెస్తాయి.

విస్తారా ఉదంతం

కొత్త పైలట్ల వేతన సమస్య ఎంత దూరం పోగలదో 2024 మార్చి, ఏప్రిల్ నెలల్లో దేశం చూసింది. టాటాలు, సింగపూర్ ఎయిర్‌లైన్స్ కలిసి నడిపిన విస్తారా సంస్థను ఎయిర్ ఇండియాలో విలీనం చేసే ప్రక్రియలో భాగంగా పైలట్లకు కొత్త ఒప్పందం ఇచ్చారు. అంతవరకు నెలకు 70 గంటల విమాన చోదనకు తగిన వేతనం హామీగా ఉండగా, కొత్త ఒప్పందం దానిని 40 గంటలకు కుదించింది. అంతకు మించి నడిపితే ఆ మేరకు అదనంగా చెల్లిస్తామన్నారు. పైకి ఇది సమంజసంగానే కనిపిస్తుంది. కాని గంటలు కేటాయించేది సంస్థ. విమానం మరమ్మతుకు వెళ్లినా, పొగమంచు కమ్మినా, రూట్ రద్దయినా గంటలు తగ్గుతాయి. గతంలో ఆ నష్టం సంస్థ భరించేది. కొత్త పద్ధతిలో అది ఉద్యోగి మీద పడుతుంది. పెద్ద జీతాలవారికి ఇది కొంత ఇబ్బంది మాత్రమే. రుణ వాయిదాలు కడుతున్న ఫస్ట్ ఆఫీసర్లకు మాత్రం బతుకు సమస్య. అసంతృప్తి ప్రధానంగా వారిలోనే వ్యక్తమైంది. చాలామంది విధులకు అందుబాటులో లేకపోవడంతో వందకుపైగా సర్వీసులు రద్దయ్యాయి. చివరకు సంస్థ రోజుకు 25నుంచి 30 సర్వీసుల వరకు, అంటే దాదాపు పదిశాతం తగ్గించుకోవలసి వచ్చింది. 2024 నవంబర్ 12న విలీనం పూర్తయి విస్తారా పేరు చరిత్రలో కలిసింది. లేవనెత్తిన ప్రశ్న మాత్రం మిగిలే ఉన్నది.

దీనికి రెండేళ్ల ముందు, 2022 ఏప్రిల్‌లో, కోవిడ్ కాలపు వేతన కోతలను పూర్తిగా పునరుద్ధరించలేదన్న ఆగ్రహంతో సమ్మెకు సిద్ధపడిన కొందరు పైలట్లను ఇండిగో సస్పెండ్ చేసింది. కోత విధించడానికి రోజులు చాలాయి, తిరిగి ఇవ్వడానికి ఏళ్లు పట్టింది. ఏ పరిశ్రమలోనైనా ఇది అసంతృప్తికే దారితీస్తుంది.

నేర్పేవాడి గతి

సహపైలట్ సంగతి ఇలా ఉంటే, అతనికి పాఠం నేర్పిన శిక్షకుడి సంగతి మరీ అన్యాయం. ఉద్యోగం దొరకని కొత్త లైసెన్సుదారులలో కొందరు శిక్షకులుగా చేరి గంటలు కూడబెట్టుకుంటారు. చాలాచోట్ల వారికి విమానం గాలిలో ఉన్న గంటలను బట్టే చెల్లింపు. జార్ఖండ్ వంటి ప్రాంతంలో వానాకాలం మబ్బులు, చలికాలం పొగమంచు కలిసి ఎన్ని రోజులు చిన్న విమానాలను నేలమీదనే నిలిపివేస్తాయో వేరే చెప్పనక్కరలేదు. నేలమీద చెప్పే పాఠం, వాతావరణం కోసం ఎదురుచూసే సమయం, విద్యార్థి తప్పులను దిద్దే శ్రమ లెక్కలోకి రావు. అందువల్ల విమాన సంస్థ నుంచి పిలుపు రాగానే శిక్షకుడు వెళ్లిపోతాడు. అతని స్థానంలో మరొక కొత్తవాడు వస్తాడు. బోధన ఒక వృత్తిగా నిలవక, దారిలో కాసేపు తలదాచుకునే సత్రంగా మారిపోయింది.

ఈ పరిస్థితి పర్యవసానం పరోక్షంగా ప్రభుత్వ చర్యల్లోనే కనిపిస్తుంది. 2021లో, చీఫ్ ఇన్‌స్ట్రక్టర్‌కు, ఆయన డిప్యూటీకి మాత్రమే పరిమితమైన, విమానయానాన్ని అనుమతించే అధికారాన్ని ఇతర శిక్షకులకు కూడా ఇస్తూ నిబంధన సడలించారు. పెద్దలు దొరకనిచోట శిక్షణ ఆగిపోకుండా చూడడమే దాని ఫలితం. 2025 అక్టోబర్‌లో డి.జి.సి.ఎ. తొలిసారిగా శిక్షణ సంస్థలకు శ్రేణులు ప్రకటించినప్పుడు అత్యున్నతమైన మొదటి రెండు శ్రేణులలో ఒక్క సంస్థకు కూడా స్థానం దక్కలేదు. లక్షలు తీసుకునే సంస్థలలో ఒక్కటి కూడా ఉత్తమ శ్రేణికి చేరకపోవడానికి కారణాలు అనేకం ఉండవచ్చు. అనుభవజ్ఞులైన శిక్షకులను నిలుపుకోలేకపోవడం అందులో ఒకటి కాదనడం కష్టం.

శిక్షకుడు మోసే బాధ్యత ఎలాంటిదో జంషెడ్‌పూర్ ప్రజలకు బాగా తెలుసు. 2024 ఆగస్టు 20న సోనారీ నుంచి బయలుదేరిన సెస్నా 152 శిక్షణ విమానం కొద్దిసేపటికే జాడ లేకుండా పోయింది. చాండిల్ జలాశయంలో గాలింపు జరపగా ఆగస్టు 22న శిక్షకుడి, శిక్షణార్థి మృతదేహాలు బయటపడ్డాయి. విమాన శకలాలను వెలికితీయడానికి విశాఖపట్నం నుంచి నౌకాదళ గజ ఈతగాళ్లు వెళ్లవలసి వచ్చింది. ఆ దుర్ఘటనను వేతనాలతో ముడిపెట్టడానికి ఆధారమేదీ లేదు, ఆ పని చేయడం మరణించినవారికి న్యాయమూ కాదు. గమనించవలసిందల్లా ఒక్కటే. తరగతి గదిలో ఉపాధ్యాయుడు విద్యార్థి తప్పుకు మార్కులు తగ్గిస్తాడు. ఈ ఉపాధ్యాయుడు ఆ తప్పుకు తన ప్రాణాన్ని పణంగా పెట్టి పక్కనే కూర్చుంటాడు. అలాంటి పనికి గంటల లెక్కన కూలి కట్టి ఇవ్వడం మర్యాద అనిపించుకోదు.

బఫెలో గుణపాఠం

తక్కువ వేతనానికి, భద్రతకు సంబంధమేమిటని అడిగేవారికి అమెరికా అనుభవం ఉన్నది. 2009 ఫిబ్రవరి 12న న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో సమీపాన కోల్గన్ ఎయిర్ సంస్థ విమానం కూలి 50 మంది మరణించారు. అందులో ఒకరు నేలమీద ఇంట్లో ఉన్న వ్యక్తి. విచారణలో సహపైలట్ జీవన పరిస్థితులు చర్చకు వచ్చాయి. ఆమె దేశానికి పశ్చిమ తీరాన ఉన్న సియాటిల్ ప్రాంతం నుంచి రాత్రంతా ఇతర విమానాలలో ప్రయాణించి తూర్పు తీరాన విధులకు హాజరయ్యారు. ఆమె మూలవేతనం ఏడాదికి 16 వేల డాలర్ల ప్రాంతమని విచారణలో వినిపించింది. అసలు ఆదాయం అంతకంటే ఎక్కువని సంస్థ తరువాత వివరణ ఇచ్చుకున్నది. ప్రమాదానికి ప్రధాన కారణం హెచ్చరిక వచ్చినప్పుడు కెప్టెన్ తప్పుగా స్పందించడమేనని దర్యాప్తు సంస్థ తేల్చింది. పైలట్ల పనితీరుపై అలసట ప్రభావం ఉండి ఉండవచ్చునన్నది గాని, అది ఎంతమేరకో నిర్ధారించలేకపోయింది. అదే నెలలో, హడ్సన్ నదిపై విమానాన్ని సురక్షితంగా దించి ప్రఖ్యాతుడైన కెప్టెన్ సలెన్‌బర్గర్ అమెరికన్ కాంగ్రెస్ ముందు మాట్లాడుతూ తన వేతనం 40 శాతం తగ్గిందని, పెన్షన్ రద్దయిందని, ఇలాగైతే ప్రతిభావంతులు ఈ వృత్తికి రారని హెచ్చరించారు.

ఆ ప్రమాదం తరువాత 2010లో అమెరికా కొత్త చట్టం చేసింది. 2013నుంచి సహపైలట్‌కు కూడా సాధారణంగా 1,500 గంటల అనుభవం తప్పనిసరి అయింది. దాని ఫలితంగా అనేకమంది యువకులు శిక్షకులుగా మరింత కాలం తక్కువ జీతంతో గడపవలసి వచ్చింది. అయితే కోవిడ్ తరువాత పైలట్ల కొరత ముదరడంతో 2022లో ప్రాంతీయ విమాన సంస్థలు కొన్ని ప్రారంభ వేతనాన్ని గణనీయంగా పెంచి గంటకు 90 డాలర్ల స్థాయికి తీసుకువెళ్లాయి. అసాధ్యమని ఏళ్ల తరబడి చెప్పినది కొరత వచ్చేసరికి కొద్ది నెలల్లో సాధ్యమైంది. ఇందులోని నీతి స్పష్టం. తక్కువ వేతనం విమానయాన ఆర్థిక వ్యవస్థకు విధి రాసిన రాత కాదు. అడిగేవారి బలహీనతను బట్టి నిర్ణయమైన ధర మాత్రమే.

మనదేశంలో అలసట గురించి నిబంధనలు మారాయి. 2024 జనవరిలో ప్రకటించిన కొత్త విధి నియమాలు వారాంతపు విశ్రాంతిని 36 గంటలనుంచి 48 గంటలకు పెంచాయి, రాత్రివేళ దిగవలసిన సంఖ్యను తగ్గించాయి. అవి 2025 జూలై, నవంబర్‌లలో రెండు దశలుగా అమలులోకి వచ్చేసరికి డిసెంబర్‌లో ఇండిగో వేలాది సర్వీసులు రద్దు చేసుకున్నది, ప్రభుత్వం తాత్కాలిక మినహాయింపు ఇవ్వవలసి వచ్చింది. తగినంతమంది పైలట్లను ముందుగా తీసుకుని సిద్ధం చేయడంపై సంస్థలు ఎంత పొదుపు పాటిస్తున్నాయో ఈ ఉదంతం తేటతెల్లం చేసింది. ఒకవైపు లైసెన్సుదారులు ఉద్యోగం కోసం నిరీక్షిస్తుంటే, మరోవైపు పైలట్లు చాలక విమానాలు నిలిచిపోయాయి.

సంస్థల వాదన

విమానయాన సంస్థల వాదనలోనూ కొంత నిజం లేకపోలేదు. ఇంధనం వారి వ్యయంలో సింహభాగం. విమానాల అద్దెలు డాలర్లలో చెల్లించాలి. టికెట్ ధర కాస్త పెరిగితే ప్రయాణికుడు అలిగి వెళ్లిపోతాడు. 2012 అక్టోబర్‌లో కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ సర్వీసులు నిలిచిపోయాయి. సంస్థే మిగలకపోతే జీతమెవరు ఇస్తారన్నది వారి ప్రశ్న. కాని ఆ మూడు సంస్థలూ మూతపడినప్పుడు నెలల తరబడి జీతాలు అందక బాధపడినవారిలో పైలట్లు కూడా ఉన్నారు. అంటే సంస్థ లాభనష్టాల ప్రమాదాన్ని ఉద్యోగి ఇప్పటికే పంచుకుంటున్నాడు. ఆ ప్రమాదానికి తోడు శిక్షణ ఖర్చును కూడా అతని నెత్తినే వేయడం రెండు విధాలా దెబ్బ తీయడమే.

శిక్షణ ఇప్పించి తయారు చేస్తే మరొక సంస్థకు ఎగిరిపోతారన్నది రెండో అభ్యంతరం. దీనికి విరుగుడు యాజమాన్యాల చేతిలో ఇప్పటికే ఉన్నది. 2017లో డి.జి.సి.ఎ. జారీ చేసిన నిబంధన ప్రకారం ఉద్యోగం వదలదలచిన ఫస్ట్ ఆఫీసర్ ఆరు నెలలు, కమాండర్ ఏడాది ముందుగా నోటీసు ఇవ్వాలి. సాధారణ ఉద్యోగంలో నెలో, మూడు నెలలో ఉండే గడువు ఇక్కడ ప్రజాప్రయోజనం పేరిట ఇంత పెరిగింది. పైలట్ ప్రజాప్రయోజనానికి అంత అవసరమైనవాడైతే, అతని శిక్షణ కూడా ప్రజాప్రయోజనమే కావాలి. బాధ్యత దగ్గర ప్రజాసేవకుడు, ఖర్చు దగ్గర మాత్రం సొంత వ్యాపారి అనడం కుదరదు.

ఎలాగూ తరువాత లక్షలు సంపాదిస్తాడు కదా అన్నది మూడో వాదం. ఈ వాదాన్ని అంగీకరిస్తే వైద్య కళాశాల హౌస్‌సర్జన్‌కు గాని, కోర్టులో జూనియర్‌కు గాని, ఎవరికీ ఏమీ ఇవ్వనక్కరలేదు. రేపటి విందు నేటి ఆకలిని తీర్చదు. ఇంకో ముఖ్య విషయం, ఆ రేపటిదాకా నిలవగలిగేది ఎవరు? ఆస్తిపాస్తులున్నవారి పిల్లలు మాత్రమే. అలా ఈ వృత్తి ప్రతిభను బట్టి కాక తండ్రి ఆస్తిని బట్టి మనుషులను ఎంచుకుంటుంది. కర్మాగార కార్మికుడి కొడుకు, రైతు కూతురు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు. కాక్‌పిట్‌లో కూర్చోవలసింది డబ్బున్నవాడా, సమర్థుడా అన్నది ప్రయాణికుడికి పట్టవలసిన ప్రశ్నే.

చేయవలసినదేమిటి

దారి లేకపోలేదు. హైదరాబాద్ సమీపంలోని దుండిగల్ వైమానిక దళ అకాడమీలో శిక్షణ పొందే ఫ్లైట్ క్యాడెట్‌కు చివరి ఏడాది నెలకు 56,100 రూపాయల భృతి లభిస్తున్నది. శిక్షణ ఖర్చు ప్రభుత్వానిది. అందుకు ప్రతిగా అతడు నిర్ణీత కాలం సేవ చేస్తాడు. దానికి కొద్ది దూరంలోని బేగంపేటలో పౌర విమాన చోదన నేర్చుకోదలచిన తెలుగు యువకుడు మాత్రం లక్షలు పోసుకోవలసిందే. యుద్ధ విమానం నడిపేవాడి శిక్షణ దేశం బాధ్యత అయినప్పుడు, ఒక్కో విమానంలో సుమారు 180 మందిని మోసుకుపోయేవాడి శిక్షణలో కొంతైనా పరిశ్రమ బాధ్యత కావాలి. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2023లో ప్రకటించిన అకాడమీ పథకంలో ఎంపికైన క్యాడెట్ల శిక్షణ వ్యయాన్ని సంస్థే భరిస్తున్నది. లాభం కోసం నడిచే సంస్థ ఆ పని చేయగలిగింది కనుక ఇది దానధర్మాల మాట కాదు.

మొదటిది, క్యాడెట్ కార్యక్రమాలు నడిపే విమాన సంస్థలు టైప్ రేటింగ్ ఖర్చును తామే భరించి, అందుకు ప్రతిగా న్యాయమైన కాలపరిమితి గల సేవా ఒప్పందం చేసుకోవాలి. రెండవది, శిక్షణదశ వేతనం, ఫస్ట్ ఆఫీసర్ వేతనం, హామీ గంటలు ఎన్నో ప్రతి సంస్థా ఏటా బహిరంగంగా ప్రకటించేలా డి.జి.సి.ఎ. చూడాలి. అప్పుడు రుణం తీసుకోబోయే తండ్రి కమాండర్ జీతాన్ని చూసి మోసపోడు. మూడవది, విమానం ఎగరకపోవడానికి పైలట్ కారణం కానప్పుడు ఆ గంటల నష్టం అతని మీద వేయరాదు. నాలుగవది, శిక్షణ సంస్థల శ్రేణిని నిర్ణయించేటప్పుడు శిక్షకులకు నెలసరి స్థిర వేతనం ఉన్నదా, వారు సగటున ఎన్నేళ్లు నిలుస్తున్నారు అనే అంశాలకు కూడా మార్కులుండాలి. శిక్షకుడు నిలవని సంస్థకు ఉత్తమ శ్రేణి దక్కరాదు. అయిదవది, ప్రభుత్వరంగ బ్యాంకులు పైలట్ విద్యారుణాల వాయిదాను చదువు ముగిసిన తేదీతో గాక ఉద్యోగం వచ్చిన తేదీతో ముడిపెట్టాలి, మొదటి ఏళ్లలో వాయిదా జీతంలో నిర్ణీత భాగానికి మించకుండా చూడాలి.

వీటివల్ల టికెట్ ధర ఎంత పెరుగుతుందన్న ప్రశ్న తప్పక వస్తుంది. ఒక పైలట్ నిబంధనల మేరకు ఏడాదిలో గరిష్ఠంగా వెయ్యి గంటలు విమానం నడపవచ్చు. అతడు 700 గంటలే నడిపాడనుకున్నా, ఒక్కో ప్రయాణంలో సగటున 150 మంది ఉంటే, అతనిపై అదనంగా పెట్టే ఆరు లక్షల రూపాయలు ఒక్కో ప్రయాణికుడికి గంటకు ఆరు రూపాయలు కూడా కావు. విమానాశ్రయంలో ఒక కప్పు టీకి చెల్లించే ధరలో అది ఏపాటి?

ఎనిమిది గంటల పనిదినం అమలు చేసినప్పుడు పరిశ్రమ దివాలా తీస్తుందని ఆనాడు కూడా అన్నవారుంటారు. జంషెడ్‌పూర్ కొలిమి ఆరిపోలేదు సరికదా, శతాబ్దం దాటి వెలుగుతూనే ఉన్నది. చట్టం వచ్చేదాకా ఆగకుండా ముందడుగు వేసిన సంస్థలు నష్టపోలేదని ఆ పట్టణం చరిత్రే సాక్ష్యం. బఫెలో వంటి దుర్ఘటన జరిగి, విచారణ సంఘం నివేదిక ఇచ్చి, అప్పుడు చట్టం చేసే దారి కూడా ఒకటున్నది. ఆ దారికి అమెరికా చెల్లించిన మూల్యం 50 ప్రాణాలు. ముందుగా మేలుకుంటే అయ్యేది గంటకు ఆరు రూపాయలు. ఏది చౌకో ప్రభుత్వము, విమాన సంస్థలే తేల్చుకోవాలి.